పదకొండో నంబరు బాతు

"అత్తయ్యా, మళ్లీ అదే చెట్టు."

"ఏ చెట్టు?"

"ఆ వంగిన చెట్టు. ఇప్పటికి నాలుగుసార్లు మన ముందుకొచ్చింది."

"చెట్టు ఎందుకొస్తుందే అమ్మాయ్, మనమే వెళ్తున్నాం."

"వెళ్లట్లేదు అత్తయ్యా, తిరుగుతున్నాం. గానుగెద్దులా. ఆ పిడి కొంచెం ఇటు తిప్పండి."

"ఎటు?"

"ఇటు. నా వైపు."

"నీ వైపు తిప్పితే ఇది అటు పోతోంది. అటు తిప్పుదామంటే అసలు కదలనంటోంది. ఈ బాతుకి పొగరు."

"ప్లాస్టిక్ బాతుకి పొగరేంటండీ!"

"నువ్వు తొక్కు, కబుర్లు తర్వాత."

"తొక్కుతున్నది నేనొక్కదాన్నే. మీ కాళ్లు పెడళ్ల మీద కూర్చుని షికారు చేస్తున్నాయి."

నడిచెరువులో పసుపుపచ్చ బాతు పడవ. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, దారి తిప్పే పిడి మాత్రం ఒక్కటే. ఆ పిడి ఉన్న వైపు, బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన అత్తగారు పట్టుబట్టి కూర్చుంది. పక్క సీట్లో ఆమె కోడలు. ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగం, నాలుగు నెలలుగా ఆ గడప తొక్కలేదు. ఒడ్డున చేతిమైకు పట్టుకుని పడవలాయన. కోడలి చేతి గడియారంలో నాలుగూ పది. ఐదు లోపల ఆమె ఒక ఫోను చెయ్యాలి. చెయ్యకూడదని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది.

"పదకొండో నంబరు బాతూ! పదకొండో నంబరు! ముందుకి నడపాలమ్మా, ముందుకి! ఉన్నచోటే తిప్పకూడదు!"

"విన్నారా? చెరువు చుట్టూ జనం మనల్నే చూస్తున్నారు."

"చూడనీ. టికెట్టు కొనుక్కున్నాం, తిరుగుతాం."

"వాళ్లలో మీ అబ్బాయి ఫ్రెండ్సు ఎవరైనా ఉంటే? మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చాం."

"ఇప్పుడు పనిచేస్తున్నవి ఏంటి? మోకాళ్లే కదా. అబద్ధం ఎక్కడుంది?"

"నా మోకాళ్లండీ! మీవి కావు!"

"ఒకే ఇంట్లో మోకాళ్లు. నీవి నావి అని లెక్కలేంటి? టైమెంతయింది?"

"నాలుగూ పన్నెండు."

"ఐదింటికేదో ఫోనన్నావు."

"ఆఁ."

"ఆఁ అంటే?"

"ఆఁ అంటే ఆఁ. అదిగో అదిగో, అత్తయ్యా, నిజం బాతులు!"

"ఏవీ?"

"మీ వెనకే. వరసగా వస్తున్నాయి చూడండి. మన బాతుని చూసి వాళ్ల పెద్దమ్మ అనుకున్నట్టున్నాయి."

"ఒకటి, రెండు, మూడు... ఏడు."

"ఎనిమిది. చివర్న ఒకటి వెనకబడింది."

"అలాంటిది ఏ బడిలోనైనా ఒకటి ఉంటుందిలే. గంట కొట్టాక వస్తుంది, వచ్చి నన్నే ఎదురు ప్రశ్న వేస్తుంది. నాకలాంటివాళ్లంటేనే ఇష్టం. దా నాన్నా, దా! కాళ్లు ఆడించు!"

"మీరూ కాళ్లు ఆడించండి, దాన్ని చూసైనా."

"కోడలు అత్తకి బుద్ధి చెప్పే రోజులొచ్చాయి."

"అత్త కోడలికి బుద్ధి చెప్పి తెడ్డు నాకిందని ఎప్పుడో అన్నారు కదండీ. నేను చెప్పడంలో తప్పేముంది?"

"ఓసి నీ అసాధ్యం కూలా! రెండు నెలల కింద నోట్లోంచి మాటొచ్చేది కాదు. ఇప్పుడు సామెతలొస్తున్నాయి."

"రెండు నెలలు కాదు. నలభై ఒక్క రోజులు."

"లెక్కపెడుతున్నావా?"

"మందుల మనిషిని అత్తయ్యా. రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని లెక్క లేకపోతే ఎలా?"

"అయితే చెప్పు. ఈ మందు రోజుకి ఎన్నిసార్లు?"

"ఒకసారి. భోజనానికి ముందైనా తర్వాతైనా పర్లేదు."

"పథ్యం?"

"ఇంట్లో కూర్చోకూడదు."

"చేదుగా ఉంటుందా?"

"మొదటి మూడు రోజులు చేదే. నాలుగో రోజు కుక్క తరిమింది చూడండి, అప్పట్నుంచి తీపి."

"అమ్మో, ఆ కుక్క! నన్నొదిలేసి పారిపోయావ్."

"నేనా? మీరే నాకంటే ముందు మలుపు తిరిగారు! కుక్కే ఆగిపోయింది, ఈవిడ మోకాళ్ల పేషెంటని విన్నానే అని."

"నవ్వకే, పడవ ఊగుతోంది."

"ఊగనీండి. ఇంకా వాన రోజు గుర్తుందా? గడ్డి దిబ్బ మీంచి జారారు."

"జారలేదు. దిగాను."

"కూర్చుని దిగారు. కింద దాకా. దిగి, లేచి, చీర దులుపుకుని, 'ఇంకోసారి' అన్నారు."

"నువ్వు మూడుసార్లు జారావ్. నేను రెండే."

"నేను మీ కోసం జారాను, తోడుగా."

"తోడుగా జారే కోడలు ఎంతమందికి దొరుకుతుంది! అన్నట్టు, నిన్న రాత్రి గురక పెట్టావట."

"ఎవరన్నారు?"

"మావాడు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. 'అమ్మా, దానికి నిద్ర పట్టట్లేదని మూణ్ణెల్లు నేను ఏడ్చాను. ఇప్పుడు దానికి పడుతోంది, నాకు పట్టట్లేదు' అన్నాడు."

"అబద్ధం! నేను గురక పెట్టను."

"గోడ అవతల నాకే వినబడింది తల్లీ. ముందు రైలనుకున్నాను."

"మన ఇంటి దగ్గర రైలు లేదు!"

"అందుకే లేచి చూశాను."

"అయ్యో నా పరువు!"

"పరువు పోతే పోయింది, నిద్ర వచ్చింది. ఎనిమిదింటికి గానీ లేవట్లేదు. ప్లేటు ముందు కూర్చుంటే మెతుకులు లెక్కపెట్టేదానివి, ఇప్పుడు నీది అయ్యాక మావాడి ప్లేటు వైపు చూస్తున్నావ్. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని తింటున్నాడు పాపం."

"మీరేం తక్కువా? మెట్టు మెట్టుకీ దేవుణ్ణి పిలిచేవారు. ఇప్పుడు ఆయన్ని మర్చేపోయారు."

"ఆయనకీ కాస్త విశ్రాంతి ఉండాలి. అంతా ఆ మోకాళ్ల డాక్టరు చలవ. రోజూ బయట తిరగాలని ఆయన ఆ చీటీ రాసివ్వకపోతే ఇద్దరం ఇంకా గదుల్లోనే ఉండేవాళ్లం. ఏం? ఎందుకా నవ్వు?"

"ఏం లేదు."

"ఏం లేకుండా మొహం అంత ఎర్రబడుతుందా? ఎందుకే?"

"అత్తయ్యా, పదకొండేళ్లుగా నేను చేసిన పనేంటి?"

"మందులివ్వడం."

"ఏం చూసి ఇస్తాం?"

"చీటీ చూసి."

"చీటీ ఎవరు రాస్తారు?"

"డాక్టర్లు. ప్రశ్నలు నేనడగాలి, నువ్వు కాదు."

"రోజుకి రెండు వందల చీటీలు చదివాను. అన్నీ కోడి గెలికినట్టే ఉంటాయి. పదకొండేళ్లలో ఒక్క అక్షరం కూడా తడుముకోకుండా చదివిన డాక్టరు చీటీ ఒకే ఒక్కటి."

"ఊఁ."

"గుండ్రంగా, ముత్యాల్లా, గీత మీద కూర్చోబెట్టినట్టు."

"కొంతమంది డాక్టర్ల రాత బాగుంటుంది."

"'ఎండ తగలవలెను. గాలి తగలవలెను. పచ్చని చెట్లు చూడవలెను.' ఏ డాక్టరు 'వలెను' అని రాస్తాడండీ?"

"పెద్దాయన. పాతకాలం మనిషి."

"'తోడు మనిషి ఉండవలెను. ఆ మనిషి కోడలైనచో మరింత గుణము కనిపించును.'"

"చెరువు ఎంత బాగుందో చూడు."

"దొంగకి తేలు కుట్టినట్టు చెరువు వైపు చూడకండి. ఇంకా ముద్ర సంగతి రాలేదు."

"ముద్ర సంగతి ఎందుకే ఇప్పుడు?"

"ఎర్ర సిరా. గుండ్రటి ముద్ర. 'హోంవర్కు చూడబడినది. తరగతి టీచరు.'"

"తలకిందులుగా వేశానే! కనబడదనుకున్నాను!"

"చీటీ తిప్పితే కనబడుతుంది అత్తయ్యా!"

"నువ్వు తిప్పుతావని నాకేం తెలుసు! అమ్మో, నవ్వించకు, పొట్ట నొప్పి... పడవ, పడవ..."

"పదకొండో నంబరు బాతూ! ఊపకూడదమ్మా! కూర్చునే నవ్వాలి!"

"కూర్చునే నవ్వుతున్నాం బాబూ!"

"ఆయనకి వినబడదు అత్తయ్యా, మన దగ్గర మైకు లేదు."

"సరే. ఊపిరి పీల్చుకోనీ. అయితే మొదటిరోజే తెలిసిపోయింది నీకు. తెలిసి ఎందుకొచ్చావ్?"

"ఆ చీటీ చదివి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను."

"ఏడ్చావా?"

"నవ్వాను. బయటికి వినబడకుండా కుళాయి తిప్పి మరీ నవ్వాను. అది జరిగాక అదే మొదటిసారి."

"నవ్వి ఊరుకోవచ్చు కదా. రావడం ఎందుకు?"

"మీ కోసం."

"నా కోసమా? నేను చీటీ రాసిందే నీ కోసమే!"

"తెలుసు. కానీ మామయ్యగారు పోయాక రెండేళ్లు మీరు మూడో మెట్టు దాటలేదు. పాలూ కూరలూ అన్నీ గుమ్మంలోకే. ఆ రోజు చీటీ పట్టుకుని టకటకా దిగారు, మూడో మెట్టు దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకున్నారు. చీటీ దొంగదే గానీ ఆ పట్టు దొంగది కాదు అత్తయ్యా. వేళ్లు ఐసులా ఉన్నాయి. అందుకని వచ్చాను."

"మీ మామయ్య లేకుండా రోడ్డు మరీ వెడల్పైపోయినట్టుండేదే. దాటలేననిపించేది."

"ఆ మాట నాకు చెప్పలేదు మీరు."

"నువ్వు నాకు చెప్పావా ఏమైనా? సరే, ఇంతకీ లెక్క తేల్చు. నేనేమో నిన్ను తిప్పుతున్నాననుకున్నాను. నువ్వేమో నన్ను తిప్పుతున్నాననుకున్నావ్."

"ఇద్దరం నర్సులమే."

"పేషెంటు లేడు!"

"బాగుంది. నలభై ఒక్క రోజులు ఖాళీ మంచానికి సేవ చేశాం."

"పదకొండో నంబరు బాతూ! ఇంకా పది నిమిషాలే! ఇక తిప్పుకోవాలి!"

"నాలుగూ ముప్పై అయిదు. తిప్పండి అత్తయ్యా. ఆ టికెట్టమ్మాయి ఎక్కించేటప్పుడు చెప్పింది కదా, పిడి నిటారుగా పెడితే తిన్నగా పోతుందని."

"పెట్టాను. పోవట్లేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆ ఫోను ఎవరికి?"

"మీకు తెలుసు."

"తెలిస్తే ఎందుకడుగుతాను?"

"మా మందుల కౌంటరు చీఫ్ మేడంకి. ఇవాళ ఐదు లోపల వస్తానో రానో చెప్పాలి. చెప్పకపోతే రేపట్నుంచి నా చోట్లో వేరే అమ్మాయి."

"ఏం చెప్తావ్?"

"ఏమీ చెప్పను. అసలు చెయ్యను. ఐదు దాటితే ఆవిడకే అర్థమవుతుంది."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే."

"అంతేనా? ఇంకేం అనరా?"

"ఏమనాలి?"

"ఏదో ఒకటి. ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ చెప్పారు కదా, వెళ్లమనో, వెళ్లొద్దనో."

"రిటైరయ్యానమ్మా."

"అది కాదు అత్తయ్యా. నేను వెళ్లి ఆ కౌంటర్లో కూర్చుంటే మీ సంగతేంటి? మళ్లీ మూడో మెట్టు మీద ఆగిపోతారు."

"ఓహో. నా కోసం మానేస్తున్నావన్నమాట."

"ఆఁ."

"అబ్బ, ఎంత మంచి కోడలు! పేపర్లో వేయిద్దామా, ఫోటోతో?"

"ఎగతాళి చెయ్యకండి."

"నీ భయాన్ని తెచ్చి నా మోకాళ్ల మీద కూర్చోబెట్టకే అమ్మాయ్. వాటికి నా బరువే ఎక్కువ."

"నాకేం భయం లేదు."

"లేకపోతే మంచిదే. అసలు ఆ రోజు ఏమైందో నువ్వెప్పుడూ చెప్పలేదు."

"మీ అబ్బాయి చెప్పారు కదా."

"వాడు చెప్పింది వాడి పాఠం. నీ పాఠం నువ్వప్పగించు."

"తొక్కండి ముందు."

"తొక్కుతున్నాను. చెప్పు."

"ఒకే మందు, ఒకే రంగు పెట్టెలు. ఒకదాంట్లో బిళ్ల ఐదు మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో పది. ఐదు ఇవ్వాలి, పది ఇచ్చాను. ఆ మందు తీసుకున్నావిడ మెట్లెక్కి గేటు దాకా వెళ్లింది. పెట్టె మీద చదువుకుని వెనక్కొచ్చింది. 'ఇది మాది కాదేమో ఒకసారి చూడమ్మా' అంది. కోప్పడలేదు కూడా. నవ్వుతూనే అంది. మార్చి ఇచ్చాను."

"ఎవరికీ ఏం కాలేదు."

"కాలేదు. కానీ చదవకపోయి ఉంటే? ఆ రోజు నుంచీ కళ్లు మూసుకుంటే చాలు, ఆవిడ చదవకుండా గేటు దాటి వెళ్లిపోతూనే ఉంది అత్తయ్యా. నేను పిలుస్తాను. వినబడదు."

"ఇప్పటికీ వెళ్లిపోతోందా?"

"ఏమో."

"ఏమో ఏంటి? నిన్న రాత్రి వెళ్లిందా?"

"నిన్న రాత్రి గురక పెట్టానన్నారు కదా."

"మొన్న?"

"మొన్న కూడా లేదు. నాకిప్పుడే తెలుస్తోంది. వారం పైనే అయింది, ఆవిడ రాలేదు."

"గేటు దగ్గర చదువుకుని, తిరిగొచ్చి, మందు మార్చుకుని ఇంటికి వెళ్లిపోయిందిలే. ఆ రోజు ఎన్ని గంటలు కూర్చున్నావ్ అక్కడ?"

"పదకొండు. సెల్లార్లో కౌంటరు, కిటికీ ఉండదు. పొద్దున దిగితే చీకటి పడ్డాక ఎక్కడమే. బయట వాన పడిందో లేదో వచ్చినవాళ్ల గొడుగులు చూసి తెలుసుకునేదాన్ని."

"మధ్యాహ్నం?"

"అట్టపెట్టెల మధ్యే తినేసేదాన్ని."

"ఆ ఆసుపత్రిలో చెట్టు లేదా?"

"ఉంది. గేటు పక్కన, చాలా పెద్దది. కింద సిమెంటు అరుగు కూడా ఉంది."

"పదకొండేళ్లలో ఎన్నిసార్లు కూర్చున్నావ్?"

"సున్నా."

"సున్నాకి నేను పాసు మార్కులు వెయ్యను."

"వెళ్తే ఈసారి కూర్చోవచ్చు. రోజూ మధ్యాహ్నం అరగంట. ఇంకా ఒకళ్లు తీసిన పెట్టెని ఇంకొకళ్లు చదివాకే చేతికివ్వాలని పద్ధతి పెట్టమని అడగొచ్చు. నిమిషం కూడా పట్టదు."

"వెళ్తే కదా."

"ఆఁ. వెళ్తే కదా."

"వెళ్లవు కదా."

"వెళ్లను."

"మరి ఈ ఆలోచనలన్నీ ఎందుకు?"

"ఊరికే."

"పదకొండో నంబరు బాతూ! టైమైపోయింది! ఒడ్డుకి రావాలి! పదకొండో నంబరు!"

"అత్తయ్యా, నిజంగా తిరగట్లేదా అది?"

"బిగుసుకుపోయింది."

"ఇటివ్వండి, నేను తిప్పుతాను."

"లేవకు! లేస్తే బోల్తా పడుతుంది."

"లైఫ్ జాకెట్లు ఉన్నాయి కదా."

"మునగం సరే, తడవమా? మోకాళ్ల డాక్టరు దగ్గర్నుంచి అత్తాకోడళ్లు నీళ్లోడుతూ వచ్చారంటే మావాడు ఏమనుకోవాలి?"

"నాలుగూ నలభై ఎనిమిది."

"అదిగో నీ వంగిన చెట్టు వచ్చింది. పలకరించు."

"నాకా చెట్టు మొహం చూడాలని లేదు! ఆయన్ని పిలుద్దాం. బాబూ! ఇటు! పిడి బిగుసుకుపోయింది!"

"ఏంటమ్మా? వినబడట్లేదు! చెయ్యి ఊపుతున్నారా? టాటాలు తర్వాత, ముందు ఒడ్డుకి రండి!"

"టాటా అనుకున్నాడు!"

"నువ్వు నవ్వుతూ ఊపితే ఏమనుకుంటాడు మరి?"

"నాకు నవ్వాగట్లేదు, ఏడుపూ ఆగట్లేదు! నాలుగూ యాభై ఒకటి."

"అయితే?"

"అయితే అంటే? ఇక్కడ్నుంచి ఒడ్డుకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది."

"ఒడ్డున మనకేం పని?"

"ఫోను తడుస్తుందని టికెట్టమ్మాయి తీసుకుని ఒడ్డున ఆయన పెట్టెలో పెట్టింది."

"చెయ్యనన్నావు కదా."

"చెయ్యననే అన్నాను. కానీ మర్యాద కోసమైనా ఒక మాట చెప్పాలి కదా. పదకొండేళ్లు పనిచేశాను అక్కడ."

"ఉత్తరం రాద్దాం. నా రాత బాగుంటుంది."

"అత్తయ్యా!"

"'అమ్మా, మా కోడలు ఇక రాదని తెలుసుకొనవలెను...'"

"రానని కాదు!"

"మరేమని?"

"ముందు పిడి తిప్పండి!"

"తిరగనంటోంది. ఆవిడకి ఏమని చెప్పాలి?"

"నాలుగూ యాభై రెండు!"

"ఏమని?"

"వస్తానని! వస్తానని చెప్పాలి! ఆ అమ్మాయెవరో వచ్చి నా కుర్చీలో కూర్చుంటుందా? ఆ అరలన్నీ నేను సర్దినవి! ఏ బిళ్ల ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాను, కళ్లు తెరిచి రెండుసార్లు చదివి ఇస్తాను! నాకు నా పని కావాలి అత్తయ్యా! నాకు కావాలి!"

కోడలు చెరువంతా వినబడేలా అరిచింది. వెనకాల వస్తున్న బాతులు ఎనిమిదీ చెల్లాచెదురైపోయాయి. ఇంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు.

"అమ్మాయ్! పిడి వదిలిందే!"

"ఏంటీ?"

"తిరుగుతోంది! నీ అరుపుకి బెదిరిపోయింది. తొక్కు!"

"తొక్కుతున్నా! అత్తయ్యా, మీరూ తొక్కండి!"

"ఎడమ, కుడి! ఎడమ, కుడి! వెనక బెంచీ, గట్టిగా!"

"వంగిన చెట్టు వెళ్లిపోతోంది! అత్తయ్యా, తిన్నగా పోతున్నాం! మీ కాళ్లు చూడండి, ఎలా ఆడుతున్నాయో! మోకాళ్లు జాగ్రత్త!"

"ఎవరి మోకాళ్లు? నాకు మోకాళ్లే గుర్తులేవు! ఎడమ, కుడి!"

"నా చెప్పు! చెప్పు పడిపోయింది నీళ్లలో!"

"పోతే పోయింది, బాతులు తొడుక్కుంటాయి! ఆగకు!"

"నాలుగూ యాభై ఐదు!"

"వాచీ చూడకు, ఒడ్డు చూడు! గాలి ఎలా ఉందే మొహం మీద?"

"చాలా బాగుంది! నాకు చాలా బాగుంది అత్తయ్యా!"

"మెల్లగా! పదకొండో నంబరు! మెల్లగా అమ్మా! ఇది ఒడ్డు! ఢీ కొడతారు! అయ్యో, అయ్యో... కొట్టేశారు."

"బాబూ, ఆ పెట్టె తాళం! నా ఫోను, నీలం కవరుది, త్వరగా!"

"ఇదిగోండమ్మా. ఒక కాలికి చెప్పు ఏదండీ?"

"చెరువులో ఉంది. హలో! మేడం! నేనే. అవునండీ, బతికే ఉన్నాను. ఆయాసమా? పడవ తొక్కి వస్తున్నానండీ. బాతు పడవ. అదంతా తర్వాత చెప్తాను. మేడం, వస్తాను. సోమవారం. ఆఁ, నిజంగానే. రెండు మాటలండీ. పెట్టె చేతికిచ్చే ముందు ఇద్దరు చదవాలి, నేను తీసినా సరే, ఎవరు తీసినా సరే. రెండోది, మధ్యాహ్నం అరగంట నేను చెట్టు కింద ఉంటాను. చెట్టండీ. గేటు పక్కన ఉంది కదా, అదే. రోజూనండీ. అలాగే. అలాగే మేడం. ఉంటాను."

"ఏమంది?"

"'నాలుగూ యాభై తొమ్మిది' అంది."

"ఇంకా?"

"'చెట్టు కిందైతే నేనూ వస్తాను, పదహారేళ్లయింది నేను దాన్ని చూసి' అంది."

"ఏడుస్తున్నావా?"

"నవ్వుతున్నాను. రెండూ. ఒకసారి పట్టుకోనివ్వండి మిమ్మల్ని."

"పట్టుకో. ఈ జాకెట్లు అడ్డం. నారింజ పండ్లు రెండు కౌగిలించుకున్నట్టుంటాం, జనం చూస్తున్నారు."

"చూడనీండి, మనకేం తెలిసినవాళ్లు కాదు. కానీ అత్తయ్యా, సోమవారం నుంచి మీరు? అడ్డదిడ్డంగా మాట్లాడకుండా నిజం చెప్పండి. నేను పక్కన లేకుండా ఆ మూడో మెట్టు దాటగలరా?"

"చూద్దాంలే. ముందు నీ చెప్పు సంగతి..."

"మాట మార్చకండి. ఒక్కరే బయటికి రాగలరా, లేదా?"

"వస్తాను, రాను, అదంతా ఇప్పుడెందుకు? పద, మావాడు కంగారు పడతాడు. ఈ జాకెట్టు విప్పి అక్కడ పడేసి... బాబూ, నువ్వు ఇటు రానక్కర్లేదు. నీ పని నువ్వు చూసుకో నాయనా, మేం వెళ్లిపోతున్నాం."

"అరె, అమ్మగారూ, మీరా! ఆ జాకెట్లో దూరానికి పోల్చుకోలేకపోయానండీ. మూడు వారాల్నుంచీ రోజూ పొద్దున్నే ఆరింటికి ఒక్కరే వచ్చి, ఇదే బాతుని గీత గీసినట్టు ఆ ఒడ్డు దాకా తోలుకెళ్లి తీసుకొచ్చేస్తారు, మా కుర్రాళ్లకి మిమ్మల్ని చూసి నేర్చుకోమని చెప్తుంటాను. ఇవాళ ఏమొచ్చిందండీ, ముప్పావు గంట ఉన్నచోటే గిరగిరా తిప్పారు?"